ఊదమంటారన్న భయం

2025 అక్టోబరు 24. తెల్లవారుజామున మూడు గంటల వేళ. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ఓ ప్రైవేటు ట్రావెల్స్ బస్సు కర్నూలు దాటింది. లోపల అంతా నిద్రలో ఉన్నారు. చిన్నటేకూరు దగ్గర జాతీయ రహదారి మీద ఓ బైకు పడి ఉంది. దాన్ని నడుపుతున్న యువకుడు అంతకు కాసేపటి ముందే డివైడర్‌ను ఢీకొని ప్రాణాలు వదిలాడు. బస్సు ఆ బైకును ఈడ్చుకుంటూ కొంతదూరం వెళ్లింది. నిప్పురవ్వలు లేచాయి. మంటలంటుకున్నాయి. బస్సులోని 19 మంది లేచీ లేవకముందే కాలిపోయారు.

బైకు నడిపిన యువకుడు మద్యం తాగి ఉన్నాడని తర్వాత ఫోరెన్సిక్ పరీక్షల్లో తేలింది. బస్సు అంత వేగంగా ఎందుకు తగలబడింది, లోపలివాళ్లు బయటికెందుకు రాలేకపోయారు అన్నవి వేరే ప్రశ్నలు. వాటికీ జవాబులు కావాల్సిందే. కానీ ఆ రోజు నుంచి ఇళ్లలో, బస్టాండుల్లో, టీవీ చర్చల్లో ఎక్కువగా వినిపించిన మాట ఒక్కటే.. ‘తాగి బండి నడిపేవాళ్లను వదలకూడదు. శిక్షలు పెంచాలి!’ అలాంటివాళ్లు ఉగ్రవాదులతో సమానమని హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్ అన్నారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు అది పెద్ద మాటేమీ కాదు.

సరే, శిక్షలు పెంచితే చావులు తగ్గుతాయా?

పెంచి చూశారు. అదే ఇక్కడి అసలు సంగతి. మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్ ఉంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే నేరం. ఒకప్పుడు తొలిసారి దొరికితే గరిష్ఠంగా రెండు వేల రూపాయల జరిమానా, లేదంటే ఆరునెలల జైలు, లేదంటే రెండూ. 2019 సెప్టెంబరు 1 నుంచి ఆ రెండు వేలు పదివేలైంది. మూడేళ్లలోపు రెండోసారి దొరికితే మూడు వేలు కట్టాల్సినవారికి పదిహేను వేలు. అంటే ఒక్క కలంపోటుతో జరిమానా అయిదు రెట్లు! అప్పట్లో ఏ పత్రిక తిరగేసినా ఇవే వార్తలు. పాత మోపెడ్‌కు అంత డబ్బు కట్టడంకన్నా బండిని పోలీసులకే వదిలేసి వెళ్లడం నయమనుకున్నవాళ్లూ ఉన్నారు.

మరి రోడ్ల మీద ఏమైంది? 2019లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైనవారు లక్షన్నరకు పైమాటే. 2020లో ఆ అంకె తగ్గింది. అది చట్టం గొప్పతనం కాదు, కరోనాకు భయపడి బండ్లు ఇళ్లలోనే ఉండిపోయాయి. 2022కల్లా మృతుల సంఖ్య 1,68,491కి చేరింది. 2023లో లక్షా 72 వేలు దాటింది. వీళ్లంతా మద్యం మత్తుకే బలయ్యారని కాదు. బండ్లు పెరిగాయి, రోడ్లు పెరిగాయి, వేగమూ పెరిగింది. అయినా అయిదు రెట్ల జరిమానాకు తగిన ఫలితం ఎక్కడా కంటికి ఆనదు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. తాగి నడపడం వల్ల పోయిన ప్రాణాలెన్ని అని సర్కారు లెక్కల్ని అడిగితే, నూటికి రెండున్నర అంటాయి. అతివేగం వల్ల పోయినవి మాత్రం నూటికి డెబ్భైకి పైనే! ఆదివారం ఉదయం ఆసుపత్రి ముందు నిలబడ్డ ఎవరికైనా ఈ లెక్క మింగుడుపడదు. ఎఫ్ఐఆర్‌లో రాసేది ఒకే కారణం. బండి వేగంగా వచ్చిందని రాస్తారు. అంత వేగంగా ఎందుకొచ్చిందో రాయరు. నడిపినవాడు పోతే యంత్రంలోకి ఊదేదెవరు? బతికితే ముందు వైద్యం చూస్తారు, రక్తం తీసేసరికి గంటలు గడిచిపోతాయి. బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు తలకు గాయాలై వచ్చినవాళ్లను పరిశీలించిన ప్రతిసారీ మద్యం వాటా ఈ రెండున్నర శాతానికి చాలా పైనే తేలింది. కాబట్టి ఫైళ్లలోని అంకెను పట్టుకుని ‘ఇది చిన్న సమస్యే’ అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

చట్టం మారితే జనం మారతారా అన్న ప్రశ్నకు జవాబు వెతికిన దేశాల్లో ఇంగ్లండ్ ఒకటి. అక్కడ ఒకప్పుడు తాగిన డ్రైవరును పట్టుకుంటే డాక్టరు వచ్చి గీత మీద నడవమనేవాడు. గీత తప్పకుండా నడిచినవాడు బతికిపోయేవాడు. 1967 అక్టోబరు 9 నుంచి ఆ తంతుకు తెరపడింది. రక్తంలో 80 మిల్లీగ్రాములు దాటితే చాలు, నడక ఎలా ఉన్నా నేరమే. అనుమానమొస్తే పోలీసు రోడ్డుమీదే ఊదిస్తాడు. ఈ చట్టాన్ని తెచ్చిన రవాణా మంత్రి బార్బరా కాజిల్‌కు కారు నడపడం రాదు! ఆడమనిషి, పైగా డ్రైవింగ్ రాని మనిషి మా తాగుడు మీద ఆంక్షలు పెడుతుందా అని తాగుబోతులే కాదు, పెద్దమనుషులూ మండిపడ్డారు. సారా దుకాణాల యజమానుల సంగతి సరేసరి.

మొదటి నెలల్లో ఫలితం చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు. శుక్ర, శనివారాల రాత్రుల్లో, అంటే మద్యం దుకాణాలు మూసే వేళల్లో, ప్రమాదాల్లో చనిపోయినవారు, తీవ్రంగా గాయపడినవారు మూడింట రెండు వంతుల మేర తగ్గిపోయారు. చట్టం గెలిచిందని అంతా అనుకున్నారు. కొన్నేళ్లు గడిచాయి. అంకెలు మళ్లీ మెల్లమెల్లగా పైకి పాకాయి. ఎందుకలా? లారెన్స్ రాస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త దీన్ని తరచి చూశాడు. ఆయన తేల్చింది చాలా మామూలు సంగతి. కొత్తలో ప్రతి మలుపులోనూ పోలీసు ఉంటాడని జనం భయపడ్డారు. పోనుపోను ఎక్కడా ఎవరూ ఆపడం లేదని కనిపెట్టేశారు. నిజానికి పోలీసులు మొదటినుంచీ పెద్దగా ఊదించిందేమీ లేదు. తగ్గినంతకాలం తగ్గించింది జనం ఊహ. ఊహకూ నిజానికీ తేడా తెలిసిపోగానే పాత అలవాటు తిరిగొచ్చింది.

బ్రిటన్‌లోనే ఇంకో ముచ్చట. స్కాట్లాండ్ 2014 డిసెంబరులో ఈ 80 పరిమితిని 50కి దించింది. పక్కనున్న ఇంగ్లండ్, వేల్స్ మాత్రం 80 దగ్గరే ఉండిపోయాయి. సరిపోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? గ్లాస్గో పరిశోధకులు రెండు పక్కల ప్రమాదాలనూ పోల్చారు. వైద్య పత్రిక లాన్సెట్‌లో ఫలితం అచ్చయింది. పరిమితి తగ్గించినందువల్ల ప్రమాదాలు తగ్గిన జాడ లేదు! కాగితం మీద అంకె మారింది, రోడ్డు మీద తనిఖీ మారలేదు.

విదేశాల సంగతులెందుకు, మన పోలీసులు వేరు, మన జనం వేరు అనేవాళ్లుంటారు. వాళ్లకోసం రాజస్థాన్ కథ ఉంది. దేశంలో ప్రతి ట్రాఫిక్ అధికారీ గోడకు అంటించుకోవాల్సిన కథ ఇది. మన పత్రికల్లో రావాల్సినంతగా రాలేదు.

2010-11లో రాజస్థాన్ పోలీసులు, కొందరు ఆర్థికవేత్తలు కలిసి ఓ ప్రయోగం చేశారు. ఆ ఆర్థికవేత్తల్లో ఇద్దరు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో. 2019లో నోబెల్ అందుకున్న దంపతులే. పోలీసుల వైపు నుంచి ఐపీఎస్ అధికారిణి నీనా సింగ్. తర్వాత ఈమే సీఐఎస్ఎఫ్‌కు తొలి మహిళా అధిపతి అయ్యారు. రాష్ట్రంలోని పోలీసు స్టేషన్లను లాటరీ తీసినట్టు విడదీశారు. కొన్ని స్టేషన్ల పరిధిలో తాగి నడిపేవాళ్లను పట్టే తనిఖీని రాత్రిపూట ఒకేచోట పెట్టారు. ఆషామాషీ చోటు కాదు, ఆ పరిధిలో అన్నిటికన్నా అనువైన చోటు. ఇంకొన్ని స్టేషన్ల పరిధిలో మూడు చోట్లు ఎంచుకుని, ఓ రాత్రి ఇక్కడ, ఇంకో రాత్రి అక్కడ అన్నట్టు తిప్పుతూ పోయారు. మిగిలిన స్టేషన్లలో మామూలుగానే వదిలేశారు. వారానికి ఎన్ని రాత్రులు తనిఖీ చేయాలన్నదీ లాటరీయే తేల్చింది.

మామూలు తెలివి ఏం చెబుతుంది? ఎక్కువ ప్రమాదాలు జరిగే దారిలో గట్టిగా పాతుకుని కూర్చుంటే ఎక్కువ లాభం. పోలీసులూ చాలాచోట్ల చేసేదదే. ఫలితం తలకిందులుగా వచ్చింది. ఒకేచోట కూర్చున్న తనిఖీ వల్ల చెప్పుకోదగ్గ మార్పే లేదు. తిరుగుతూ పోయిన తనిఖీ వల్ల రాత్రి ప్రమాదాలు 17 శాతం, రాత్రి మరణాలు 25 శాతం తగ్గాయి. నాలుగు చావుల్లో ఒకటి!

కారణం మన వీధుల్లో అందరికీ తెలిసిందే. ఒకచోట రెండు రాత్రులు తనిఖీ పెడితే మూడో రాత్రికి ఊరంతా తెలిసిపోతుంది. తాగినవాడు మానడు, సందులోంచి వెళ్తాడు. సందులో దీపాలుండవు, గుంతలుంటాయి, కుక్కలుంటాయి. తనిఖీ ఎక్కడుందో తెలియనప్పుడు మాత్రం ఏ దారీ నమ్మకంగా ఉండదు. అప్పుడే ‘బండి ఇక్కడే పెట్టేసి ఆటోలో పోదాంలే’ అన్న మాట నోట్లోంచి వస్తుంది.

ఈ ప్రయోగంలో ఇంకో సంగతి చాలామంది గమనించరు. అది జరిగినప్పుడు చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. జరిమానా అదే పాత రెండు వేలు. పార్లమెంటులో ఓటింగ్ జరగలేదు, గెజిట్ రాలేదు. కానిస్టేబుళ్లు నిలబడే చోటు మారింది, అంతే. ఇరవైయైదు శాతం చావులు తగ్గడానికి అది చాలింది. పదివేల జరిమానా చేయలేనిపని ఇదెలా చేసిందని అడిగితే.. దొరకననుకునేవాడికి రెండు వేలైనా ఒకటే, పదివేలైనా ఒకటే, పది లక్షలైనా ఒకటే.

ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం దీన్ని ముందే గ్రహించింది. 1982 డిసెంబరు 17 నుంచి అక్కడి పోలీసులకు ఓ అధికారం వచ్చింది. అనుమానం ఉన్నా లేకపోయినా ఎవరినైనా ఆపి ఊదమనవచ్చు. బ్రిటన్ పోలీసులకు లేనిది అదే. తొలి ఏడాదిలోనే లైసెన్సున్న ప్రతి ముగ్గురిలో ఒకరిని ఊదించారన్నంతగా తనిఖీలు చేశారు. టీవీలో ప్రకటనలు సరేసరి. 1982లో ఆ రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాలు 1,253 మందిని బలిగొంటే, 1983లో ఆ సంఖ్య 966. బ్రిటన్‌లోలా కొన్నాళ్లకే ఆవిరైపోలేదు, తనిఖీ ఆగలేదు గనక.

అలాగని శిక్ష కఠినంగా ఉండటం శుద్ధ దండగ అనడానికి లేదు. జపాన్ ఉంది కదా! 1999లో టోక్యో సమీపంలో ఓ తాగిన లారీ డ్రైవరు వెనకనుంచి కారును గుద్దితే మంటల్లో ఇద్దరు చిన్నారి అక్కచెల్లెళ్లు పోయారు. కోర్టు వేసింది నాలుగేళ్ల జైలు. ఆ తల్లిదండ్రులు ఊరూరా సంతకాలు సేకరించారు. 2001లో చట్టం మారింది. 2002లో పరిమితి తగ్గింది, జరిమానాలు పెరిగాయి. 2006లో ఫుకుఓకాలో మరో ఘోరం. తాగి కారు నడిపిన ఓ నగరపాలక ఉద్యోగి ఢీకొంటే ఓ కుటుంబం కారు వంతెన మీదనుంచి సముద్రంలో పడి ముగ్గురు పిల్లలు చనిపోయారు. మరుసటి ఏడాది జపాన్ ఇంకో అడుగేసింది. తాగినవాడే కాదు.. వాడు బండి నడుపుతాడని తెలిసీ మద్యం పోసినవాడు, బండి ఇచ్చినవాడు, తెలిసి తెలిసి పక్కసీట్లో కూర్చున్నవాడు కూడా నేరస్తులే! 2000 ప్రాంతంలో మద్యం వల్ల జరిగే ప్రాణాంతక ప్రమాదాలు అక్కడ ఏటా 1,200కు పైన. పదిహేనేళ్లు తిరిగేసరికి రెండు వందల చుట్టుపక్కలకు వచ్చాయి.

ఇది శిక్ష ఘనతా, భయం ఘనతా? రెండూ కలిసి ఉంటాయి. కానీ పక్కసీటు మీద కేసు పెట్టడంలో ఓ కిటుకుంది. రోడ్డు మీద పోలీసు ఉండేది ఎప్పుడో ఒకప్పుడే, పక్కన కూర్చునే స్నేహితుడు మాత్రం ప్రతిసారీ ఉంటాడు. అక్కడ బారు ముందు ఫోను చేస్తే ఇద్దరు మనుషులు కారులో వస్తారు. ఒకరు తాగినవాడి కారును వాళ్లింటికి నడుపుతారు, రెండోవాళ్లు వెనకాలే వచ్చి మొదటివారిని తిరిగి ఎక్కించుకుంటారు. ఇదో పెద్ద వ్యాపారం అక్కడ.

శిక్ష మరీ పెరిగితే వచ్చే తంటానూ జపానే చూపించింది. ఫుకుఓకా డ్రైవరు ఆగి ఆ పిల్లల్ని కాపాడలేదు. పారిపోయి, మత్తు తెలియకుండా చేసుకోవడానికి స్నేహితుడితో నీళ్లు తెప్పించుకుని తాగాడు. అలా పారిపోయి మత్తును దాచిపెట్టడాన్ని కూడా నేరం చేస్తూ మరో చట్టం తేవాల్సి వచ్చింది. మన దగ్గర గుద్ది పారిపోతే పదేళ్ల జైలు అని కొత్త న్యాయసంహితలో రాసినందుకు 2024 జనవరిలో లారీలు ఆగిపోయాయి. హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన బండ్లు గుర్తుండే ఉంటాయి. 2024 జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన పెట్టేశారు.

అసలు మందు దొరక్కుండా చేస్తే? అదీ చూశారు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2017 ఏప్రిల్ 1 గడువు. చిన్న ఊళ్లలో దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఇక చూడాలి మనవాళ్ల తెలివితేటలు! కొన్ని రాష్ట్రాలు ఊళ్లలోంచి పోయే రహదారులకు పేరే మార్చేశాయి. నిన్నటిదాకా హైవే, ఇవాళ్టి నుంచి జిల్లా రోడ్డు. కేరళలోని పరవూరులో ఓ బారు యజమాని ఇంకో ఆకు ఎక్కువ చదివాడు. బారు కదల్లేదు, రోడ్డూ కదల్లేదు. గేటు నుంచి తలుపు దాకా గోడలు పెట్టి పాములా వంకరలు తిప్పాడు. నడిచే దూరం లెక్క సరిపోయింది. ఆ వంకరల్లో తూలకుండా బయటికొచ్చినవాడికి బండి నడిపే యోగ్యత ఉన్నట్టేనేమో!

మన రెండు రాష్ట్రాల సంగతికొస్తే, ఖజానాకు మద్యం ఆదాయం ఎంత ముఖ్యమో అందరికీ తెలిసిందే. ఒక చేత్తో సీసా, రెండో చేత్తో ఊదుడు గొట్టం. రెంటినీ పట్టుకున్నది ఒకే ప్రభుత్వం. ఆ మాట పక్కన పెడితే, హైదరాబాద్‌లో 2011 చివర్లో మొదలైన ‘డ్రంక్ అండ్ డ్రైవ్’ తనిఖీలు దేశంలో చాలా నగరాలకన్నా మెరుగ్గానే నడిచాయి. యంత్రంలోంచి చీటీ వస్తుంది, అందులో అంకె ఉంటుంది. బతిమాలితే అంకె మారదు. బండి స్వాధీనం. తర్వాత గోషామహల్‌లోనో బేగంపేటలోనో ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్. ఆపైన కోర్టు. అంకె పెద్దదైతే కొందరికి కొన్నాళ్లు చంచల్‌గూడ.

ఈ మొత్తంలో భలే ఆలోచన ఎవరిదోగానీ, కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మనడం. భార్యనో, తండ్రినో తీసుకుని రావాలి. పదివేలు చేబదులు తెచ్చి కట్టేయొచ్చు. రాత్రి ఎక్కడున్నానో, ఎంత తాగానో, ఎలా బండి నడిపానో నాన్న పక్కన కూర్చోగా వినాలంటే చేబదులు దొరకదు. ప్రమాదాల వీడియోలు వేసి చూపిస్తున్నప్పుడు తెరవైపు చూసేది ఇంటివాళ్లే. పట్టుబడ్డవాళ్లు ఎక్కువగా నేల చూపులు చూస్తుంటారు.

లోటు వేరేచోట ఉంది. నగరంలో తనిఖీ శుక్ర, శనివారాలకు, పబ్బులున్న దారులకు బాగా అలవాటు పడింది. అలవాటు పడిందంటే జనానికి తెలిసిపోయిందని అర్థం. ఊరి బయట, హైవే మీద, బెల్టు షాపు నుంచి ఇంటికి పోయే మట్టిరోడ్డు మీద రాత్రి రెండింటికి ఎవరుంటారు? మండల స్టేషనులో ఉన్న నలుగురిలో ఒకరు కోర్టు డ్యూటీ, ఒకరు బందోబస్తు. చిన్నటేకూరులాంటి చోట ఆ వేళ ఓ యంత్రం, ఇద్దరు కానిస్టేబుళ్లు ఎదురుపడి ఉంటే బైకు అక్కడే ఆగేది. ప్రతి రాత్రీ ఉండనక్కర్లేదు. ఏ రాత్రి ఉంటారో తెలియకపోతే చాలు.

నగరంలో శనివారం సాయంత్రం చీకటిపడగానే కొన్ని వాట్సాప్ గ్రూపుల్లో సందడి మొదలవుతుంది. ‘ఫలానా ఫ్లైఓవర్ దిగగానే ఉన్నారు’, ‘ఫలానా సిగ్నల్ దగ్గర లేరు, ఇటు రండి’. అన్న ఒకరు, తమ్ముడొకరు, ఎవరో తెలియని శ్రేయోభిలాషి మరొకరు దారి చెబుతుంటారు. పదకొండు గంటలకు వచ్చే సమాచారం పదకొండున్నరకు కూడా నిజమే అవుతుంది. తనిఖీ అక్కడే ఉంటుంది కాబట్టి. అరగంటకోసారి చోటు మారితే ఆ గ్రూపులు నడిపేవాళ్లు ఏం రాయాలో తెలియక ఫోను పక్కన పడేస్తారు. దానికి కొత్త సెక్షన్ అక్కర్లేదు. ఓ జీపు, అందులో కాస్త డీజిలు ఉంటే చాలు.